పెంటకుప్ప వేడిలో పనిచేసే ఎంజైములు

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నేల సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు, నైసు శిలల మీద నిలిచి ఉన్నది. ఆ శిలలు ఏనాడో చల్లారి గట్టిపడినవి కావడంతో ఇక్కడ చెప్పుకోదగ్గ వేడినీటి ఊటలు కనిపించవు. భూగర్భపు వేడి పైకి వచ్చే చోటు తెలంగాణలో వెతకాలంటే గోదావరి లోయకు పోవలసిందే. అక్కడ భూమి పొరల్లోని పగుళ్ల గుండా లోతుకు దిగిన నీరు కాగి తిరిగి పైకి వస్తుంది. మణుగూరు సమీపంలోని పగిడేరులో సింగరేణి సంస్థ ఆ వేడినీటితో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని కూడా నెలకొల్పింది. వేడిని కోరుకునే బ్యాక్టీరియా అనగానే పరిశోధకుల చూపు సహజంగా ఇలాంటి ఊటల మీదికే పోతుంది. అయితే వేడినీటి ఊట లేని పాలమూరు పల్లెలో కూడా అటువంటి జీవులకు ఇల్లు ఉన్నది, అది ఇంటి వెనక పెంటకుప్ప.

పశువుల పేడ, చెత్త, గడ్డి కలిపి కుప్ప వేసిన తర్వాత కొద్ది రోజుల్లోనే దాని లోపలి వేడి 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దాకా పెరుగుతుంది. ఈ వేడి ఎండ వల్ల వచ్చేది కాదు. మొదట మామూలు బ్యాక్టీరియా చెత్తను తింటూ వేడిని పుట్టిస్తాయి. ఆ వేడి 45 డిగ్రీలు దాటేసరికి తట్టుకోలేక అవే వెనకబడతాయి, అంతవరకు నిద్రాణంగా ఉన్న ఉష్ణప్రియ బ్యాక్టీరియా, అంటే అధిక వేడిలోనే చురుకుగా పెరిగే జాతులు, వాటి స్థానాన్ని ఆక్రమిస్తాయి. చలికాలం పొద్దున కుప్పను తవ్వితే ఆవిరి లేస్తుంది, లోపలి గడ్డి మీద బూడిద చల్లినట్టు తెల్లని పూత కనిపిస్తుంది. రైతు బూజు అనుకునే ఆ పూతలో చాలా భాగం ఆక్టినోమైసీట్లు అనే దారపు పోగుల్లాంటి బ్యాక్టీరియాది. జియోబాసిల్లస్ వంటి జాతులు కంటికి ఆనకపోయినా ఆ పక్కనే ఉంటాయి.

ఈ జీవులు శాస్త్రవేత్తలకు ఎందుకు కావాలో తెలియాలంటే ఎంజైము గురించి కొంత చెప్పుకోవాలి. జీవకణంలో రసాయన చర్యలను వేగంగా జరిపించే ప్రోటీనునే ఎంజైము అంటారు. ఇరవై రకాల అమైనో ఆమ్లాలు వరుసగా గొలుసుకట్టి, ఆ గొలుసు ఒక నిర్దిష్టమైన ఆకారంలోకి ముడుచుకుంటేనే అది పనిచేస్తుంది. వేడి పెరిగితే ముడుత విప్పుకొని, విప్పుకున్న గొలుసులు ఒకదానికొకటి చిక్కుపడి గడ్డకడతాయి. కోడిగుడ్డును ఉడికించినప్పుడు తెల్లసొన గట్టిపడి మళ్లీ ఎన్నటికీ నీరుగా మారకపోవడానికి కారణం ఇదే. ఉష్ణప్రియ జీవుల ఎంజైములు మాత్రం ఆ వేడిలోనూ ఆకారాన్ని కోల్పోవు. వాటిలో ఉన్నవీ ఆ ఇరవై అమైనో ఆమ్లాలే. తేడా అంతా అమరికలో ఉన్నది: వ్యతిరేక విద్యుదావేశాలు గల భాగాల మధ్య ఆకర్షణలు ఎక్కువ, నీటికి దూరంగా ఉండే లోపలి భాగం ఖాళీలు లేకుండా బిగుతుగా ఉంటుంది, బయటికి వేలాడే మెలికలు పొట్టివి. ఏ ఒక్క బంధమూ పెద్దది కాకపోయినా అన్నీ కలిసి ఎంజైమును నిలబెడతాయి. ఈ బిగువుకు మూల్యం లేకపోలేదు; ఇటువంటి ఎంజైములు చాలావరకు మామూలు గది వేడిలో మందకొడిగా పనిచేస్తాయి.

ఈ రంగంలో పెద్ద మలుపు అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయోద్యానంలో వచ్చింది. 1966లో థామస్ బ్రాక్, ఆయన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్ అక్కడి మష్రూమ్ స్ప్రింగ్ అనే ఊట నుంచి సుమారు 70 డిగ్రీల వద్ద హాయిగా పెరిగే బ్యాక్టీరియాను వేరుచేసి, 1969లో దానికి థర్మస్ ఆక్వాటికస్ అని పేరు పెట్టి ప్రకటించారు. పరిశోధనశాలల్లో ఉష్ణప్రియ జీవులను 55 డిగ్రీల వద్దనే పెంచే ఆనవాయితీ అప్పటిది. అంతకన్నా వేడిని ఇష్టపడే జీవులు ఆ అలవాటు కారణంగానే అంతకాలం ఎవరి కంటా పడలేదు. 1976లో థర్మస్ ఆక్వాటికస్ నుంచి డీఎన్‌ఏకు ప్రతిని తయారుచేసే పాలిమరేజ్ ఎంజైమును సిన్సినాటి విశ్వవిద్యాలయ పరిశోధకులు శుద్ధిచేశారు. అదే తర్వాత టాక్ అనే పేరుతో ప్రసిద్ధమైంది. డీఎన్‌ఏను కోట్ల ప్రతులుగా పెంచే పీసీఆర్ పద్ధతిని 1983లో కేరీ మల్లిస్ ఊహించినప్పుడు ప్రతి విడతలోనూ ద్రావణాన్ని సుమారు 95 డిగ్రీలకు వేడిచేయవలసి వచ్చేది, ఆ వేడికి పాత ఎంజైము చచ్చిపోయి ప్రతిసారీ కొత్తది పోయవలసి వచ్చేది. టాక్ వచ్చాక ఆ బాధ తప్పింది. ఒకసారి పోస్తే ముప్పై విడతలూ నడుస్తుంది, విడతకు రెట్టింపు చొప్పున లెక్కిస్తే ఒక్క డీఎన్‌ఏ తునక వందకోట్లు దాటుతుంది. కరోనా కాలంలో ఊరూరా వినిపించిన ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షకు ఆధారం ఈ పద్ధతే.

ఇటువంటి ఎంజైమును కనిపెట్టే పని బయటికి తేలికగానే కనిపిస్తుంది. ఎరువు నమూనాను శుభ్రమైన నీటిలో పలుచన చేసి, పిండిపదార్థం కలిపిన అగార్ పళ్లెం మీద పరచి 60 డిగ్రీల వద్ద ఉంచుతారు. మరీ ఎక్కువ వేడికి అగార్ నిలవదు కాబట్టి అక్కడ గెల్లాన్ అనే మరో జిగురు వాడతారు. బ్యాక్టీరియా పెరిగాక పళ్లెం మీద అయోడిన్ పోస్తే పిండిపదార్థం ఉన్నచోటల్లా నలుపు కలిసిన నీలం రంగు వస్తుంది, అమైలేజ్ ఎంజైము దాన్ని తినేసిన చోట తేట వలయం మిగులుతుంది. కళాశాలల స్థాయి పరిశోధనల్లో అనేకం ఈ వలయం దగ్గరే ఆగిపోతాయి. నిజానికి అసలు అధ్యయనం అక్కడి నుంచే మొదలవుతుంది. వలయం ఎంజైము ఉన్నదని మాత్రమే చెబుతుంది, అది వేడిలో ఎంతసేపు నిలుస్తుందో చెప్పదు. అందుకోసం ఎంజైమును శుద్ధిచేసి, 60, 70, 80 డిగ్రీల వద్ద కొలిచిన నిమిషాలపాటు ఉంచి, చల్లార్చి, మిగిలిన శక్తిని కొలవాలి. సగం శక్తి పోవడానికి పట్టే కాలాన్ని దాని అర్ధాయువు అంటారు. 95 డిగ్రీల వద్ద టాక్ అర్ధాయువు సుమారు 40 నిమిషాలు.

వేడిని తట్టుకునే గుణాన్ని ప్రకృతిలో వెతకడానికి బదులు ప్రయోగశాలలోనే రాబట్టవచ్చునని హైదరాబాదులోని సీసీఎంబీ, అంటే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, చూపించింది. ఎన్. మధుసూదనరావు, రాజన్ శంకరనారాయణన్ బృందాలు బాసిల్లస్ సబ్టిలిస్ అనే సాధారణ మట్టి బ్యాక్టీరియా లైపేజ్‌ను, అంటే కొవ్వును విడగొట్టే ఎంజైమును ఎంచుకున్నాయి. కేవలం 181 అమైనో ఆమ్లాల ఆ చిన్న ఎంజైము సుమారు 56 డిగ్రీల వద్ద ముడుత విప్పుకుంటుంది. దాని జన్యువులో మార్పులు చేసి, పుట్టిన వేలాది రూపాల్లో వేడికి నిలిచినవాటిని ఏరి, వాటిని మళ్లీ మార్చుతూ పోయిన ఆ పరిశోధకులు 2004 నుంచి ప్రచురించిన వరుస వ్యాసాల్లో, ఆ హద్దును ఇరవై డిగ్రీలకు పైగా పెంచగలిగినట్టు చూపించారు. స్ఫటిక చిత్రాల్లో చూస్తే మారినవి పన్నెండు చోట్లకు మించవు. జన్యువులో ఇలా యాదృచ్ఛికంగా మార్పులు తేవడానికి ప్రపంచమంతటా వాడే ఒక ఉపాయం టాక్ చేసే పొరపాట్లే. తప్పులు దిద్దుకునే శక్తి లేని ఎంజైము ఇక్కడ ఆ లోపంతోనే పనికొస్తున్నది.

పరిశ్రమలో ఈ ఎంజైముల విలువ అనుమానం లేనిది. మొక్కజొన్న పిండిని గ్లూకోజు పాకంగా మార్చే కర్మాగారాల్లో మొదటి దశ వంద డిగ్రీలు దాటిన వేడిలో సాగుతుంది, అక్కడ ఎక్కువగా వాడేది బాసిల్లస్ లైకెనిఫార్మిస్ అమైలేజ్. ఆ బ్యాక్టీరియా స్వయంగా అంత వేడిలో బతకలేకపోవడం గమనార్హం. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట నేతగాళ్లకు పడుగుకు గంజి పెట్టడం ఎంత అవసరమో మిల్లులకూ అంతే అవసరం. నేసిన తర్వాత ఆ గంజిని వదిలించడానికి పూర్వం ఆమ్లాలు వాడితే నూలు బలం తగ్గేది. అమైలేజ్ పిండిపదార్థాన్ని మాత్రమే కరిగించి నూలును ముట్టుకోదు, వేడికి నిలిచే రకమైతే మరిగే నీటిలోనే ఆ పని త్వరగా ముగిస్తుంది.

యెల్లోస్టోన్ ఉదంతంలో లాభం ఎవరికి చేరిందన్నది కూడా తెలుసుకోదగినది. 1991లో పీసీఆర్ హక్కులు 30 కోట్ల డాలర్లకు అమ్ముడుపోగా, ఉద్యానానికి మాత్రం ఏమీ దక్కలేదు. మన దేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం సూక్ష్మజీవులను కూడా జీవవనరులుగా గుర్తించి, ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలని, ఆ ఊరి వనరులను రిజిస్టరులో నమోదు చేయాలని నిర్దేశించింది. రిజిస్టర్లు సాధారణంగా చెట్లు, పశువులతో నిండుతాయి, పెంటకుప్పలోని బ్యాక్టీరియాను రాసేవారు అరుదు. పాలమూరు విశ్వవిద్యాలయం, నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం విద్యార్థులు తాము వేరుచేసిన ప్రతి జాతినీ దొరికిన ఊరి పేరుతో సహా చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల భాండాగారంలో భద్రపరచి, ఆ వివరాన్ని గ్రామ రిజిస్టరులోనూ చేర్పించాలి.