అనుమానం వేరు, ఆధారం వేరు

డిటెక్టివ్ నవలలు చదివితే చదువు పాడవుతుందని పెద్దలంటారు. అయినా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల హాస్టళ్లలో పాఠ్యపుస్తకం చాటున పెట్టుకుని వాటిని చదివినవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, మధుబాబు గారి షాడో మనకు కొత్తవాళ్లు కారు.

ఈ నవలల్లో ఒక రకం కథ ఉంటుంది. ఏ గొడవా లేని వాడకట్టులో నేరం జరుగుతుంది. డిటెక్టివ్ పేరు మార్చుకుని అక్కడే కిరాయి ఇంట్లో దిగుతాడు. ఎందుకంటే ఖాకీ బట్టలు చూస్తే జనం జాగ్రత్తపడతారు. పక్కింటివాడి ముందు మామూలుగానే ఉంటారు. ఎవరింట్లో దీపం ఆలస్యంగా ఆరుతుంది, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు అన్నవి అతనికి అలా తెలుస్తాయి. అయితే వాడకట్టు మాటలన్నీ నమ్మితే మాత్రం అతను దారి తప్పుతాడు. ఎందుకంటే వాడకట్టు ముందుగా వేలు చూపేది కొత్తవాడి మీదికే.

ఆర్థర్ కానన్ డాయిల్ 1892లో రాసిన 'సిల్వర్ బ్లేజ్' కథ ఇదే చెబుతుంది. పందెపు గుర్రం మాయమవుతుంది, దాని శిక్షకుడు చనిపోయి కనిపిస్తాడు. పోలీసులు బయటి నుంచి వచ్చిన మనిషిని పట్టుకుంటారు. షెర్లాక్ హోమ్స్ మాత్రం ఆ రాత్రి శాలలోని కుక్క మొరగలేదని గమనిస్తాడు. అంటే గుర్రాన్ని తీసుకెళ్లింది కుక్కకు తెలిసినవాడే! చివరికి ఆ పని శిక్షకుడే చేశాడని, గుర్రం తన్ని చనిపోయాడని తేలుతుంది.

ఇది మనకెందుకంటే, వాడలో సైకిల్ పోతే ముందుగా హాస్టల్ పిల్లల వైపే చూసేవాళ్లు ఉంటారు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో చేసిన నేరస్థ తెగల చట్టం ఏకంగా కొన్ని కులాలవాళ్లను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టింది. ఆ చట్టం 1952లో రద్దయింది. ఆ చూపు ఇంకా పోలేదు.

పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకున్నా, ఆ ఒప్పుకోలును కోర్టులో ముద్దాయి మీద రుజువుగా వాడకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లోనూ ఇదే నియమం ఉంది. భయపెట్టి ఒప్పించడం రుజువు కాదన్నమాట.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! నవలలు చదవండి. మధ్యలో ఆగి ఎవరిని అనుమానిస్తున్నారో, ఎందుకో రాసుకోండి. 'బీదవాడు', 'కొత్తవాడు' అన్నదే కారణమైతే మళ్లీ మొదటి పేజీకి వెళ్లండి. రేపు మన హాస్టల్లో ఎవరి ట్రంకుపెట్టె తాళమైనా పగిలితే, 'చూశావా, విన్నావా?' అని ముందు అడగండి. పేరు తర్వాత చెప్పవచ్చు.