కుండపెంకు

కడప జిల్లా చక్రాయపేట మండలంలో పాపఘ్ని నది కొండలను చీల్చుకొని గండి వద్ద బయటపడి ఉత్తరంగా సాగి పెన్నలో కలుస్తుంది. ఈ రెండు నదులూ మోసుకువచ్చిన ఒండ్రుమట్టి ఆ సీమకు పంటనే కాక పాత్రను కూడా ప్రసాదించింది. చక్రాయపేట పేరులోని చక్రాన్ని కుమ్మరి సారెతో ముడిపెట్టాలన్న ఉత్సాహం ఎవరికైనా కలుగవచ్చు. అందుకు ఆధారం మాత్రం లేదు.

బంకమట్టి ఒక్కటే కుండకు చాలదు. ఆరేటప్పుడు అది బీటలు వారుతుంది. అందువల్ల ఇసుకనో, బూడిదనో కలిపి, కాళ్లతో తొక్కి పదును చేస్తారు. సారె మీద లేచేది మెడ, మందమైన గోడలు మాత్రమే. కుండ అడుగు సారె మీద తయారు కాదన్న సంగతి చాలామంది ఎరుగరు. కొంత ఆరిన తరువాత లోపల గుండ్రాయి ఆనించి, వెలుపల చెక్కతో తట్టుతూ గోడలను పలుచన చేసి, అడుగును మూసి గుండ్రంగా తీరుస్తారు. పాతకుండ లోపలి భాగాన్ని తడిమి చూస్తే రాయి ఆనిన పల్లాలు నేటికీ వేళ్లకు తగులుతాయి. అచ్చులో పోసిన పింగాణీ పాత్రలు వేయి ఉన్నా వాటి రూపం ఒక్కటే. చేతికుండలు రెండు చేస్తే ఆ రెండూ వేరే. చేసిన మనిషి జాడ పాత్రలో మిగిలి ఉండడమే చేతికుండలోని ఆకర్షణ.

ఆవంలో కాలిన తరువాత కూడా మట్టికణాల నడుమ సన్నని రంధ్రాలు మిగులుతాయి. వాటి గుండా ఊరిన నీరు ఆవిరి అవుతూ లోపలి నీటి వేడిని హరిస్తుంది. కడవనీటి చల్లదనానికి ఇదే కారణం. గాజువంటి మెరుగుపూత పూసిన పాత్రకు ఈ గుణం ఉండదు.

ఈ విద్య కడప సీమకు కొత్తది కాదు. జమ్మలమడుగు ప్రాంతంలోని పెద్దముడియం నవీన శిలాయుగపు నివాసస్థలం. ఆ యుగంలో దక్షిణ భారత ప్రజలు చాలావరకు సారె లేకుండానే, చేతితోనే బూడిదవన్నె కుండలు మలచుకొన్నారు. తరువాత వచ్చిన ఇనుపయుగపు సమాధులలో లోపల నలుపు, వెలుపల ఎరుపు గల పాత్రలు కనిపిస్తాయి. ఒకే పాత్రకు రెండు రంగులెలా వచ్చాయి? మట్టిలోని ఇనుము గాలి సోకితే ఎర్రబడుతుంది. గాలి అందని చోట పొగపట్టి మట్టి నల్లబడుతుంది. పాత్రను ఊకలో బోర్లించి కాల్చి ఉంటారని అనేకుల అభిప్రాయం. రంగు పూయకుండానే నిప్పుచేత రంగు వేయించిన ఆ నేర్పు అబ్బురం గొల్పుతుంది. ఇదే జిల్లాలోని శంఖవరంలో దొరికిన, జంతురూపంలో మలచిన మట్టి శవపేటిక చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. మృతులకు సైతం మట్టితోనే ఇల్లు కట్టిన కాలమది.

భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ దక్షిణాదిన తిరుగుతూ రాతి పనిముట్లతో పాటు కుండపెంకులను కూడా సేకరించాడు. ఆ సేకరణను మద్రాసు మ్యూజియం 1904లో కొన్నది. ఆయన 1912లో మరణించగా, దాని వివరణ పట్టిక 1914లో అచ్చయింది. ఆ పట్టికకు విలువ పెంకుల అందం వల్ల రాలేదు; ఏది ఎక్కడ దొరికిందో అందులో నమోదు కావడం వల్ల వచ్చింది. పాతవస్తువుల మీద మోజుతో దిబ్బల నుండి పెంకులను ఏరి ఇంటి అలమరలో పేర్చుకొనేవారు ఈ సంగతినే మరుస్తున్నారు. దిబ్బలోని ఏ పొరలో, వేటి సరసన ఉన్నదో తెలిసినంతవరకే పెంకు చరిత్ర చెబుతుంది. చోటు తప్పిన పెంకు మూగది. నూరేళ్లు దాటిన ఇట్టి మట్టి కళాఖండాలు కూడా 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి.

పాతపెంకుకు ఇంత ఆదరణ ఉండగా కొత్తకుండకు లేదు. ఇత్తడి, స్టీలు, ప్లాస్టిక్ ఒకదాని వెంట ఒకటి వచ్చి వంటింటి నుండి కుండను వెళ్లగొట్టాయి. చిత్తూరు జిల్లా పలమనేరు వంటి చోట్ల అలంకరణ బొమ్మల వైపు మళ్లి నిలదొక్కుకొన్నవారు ఉన్నారు. అది మంచిదే, అయినా నీరు పోయని కుండ సగం కుండే. వేసవిలో మాత్రం కొళాయి బిగించిన కడవలు అంగళ్లలో కనిపిస్తున్నాయి. ఆ కొళాయి కోసం పచ్చికుండకే రంధ్రం చేయాలి. ఆరి, కాలేటప్పటికి మట్టి కుంచించుకుపోతుంది కనుక రంధ్రాన్ని కొళాయి కంటె కాస్త పెద్దదిగా తొలవాలి. ఎంత పెద్దదిగానో ఆ మట్టిని ఎరిగిన చేతికి తెలుస్తుంది.