ఐసు పెట్టె: పడవలో చేప చెడకుండా ఎలా?

తడ, సూళ్లూరుపేట వైపు పులికాట్ సరస్సు తెలియనివాళ్లు ఉండరు. దాన్నే ప్రళయ కావేరి అని కూడా అంటారు. సముద్రపు నీళ్లు, ఏటి నీళ్లు కలిసే ఇలాంటి సరస్సుల్లో మన దేశంలో ఒడిశాలోని చిలకా మొదటిది, పులికాట్ రెండోది. ఈ ప్రాంతం అంతకుముందు నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

ఈ సరస్సులో జాలర్లు చిన్న పడవల మీద వేటకు పోతారు. తెరచాప పడవకు గాలే ఆధారం. గాలి కలిసొస్తే పొద్దెక్కక ముందే ఒడ్డు చేరుతుంది. ఎదురుగాలి కొడితే మధ్యాహ్నమైనా చేరదు. ఈలోగా చేప మెత్తబడుతుంది. ఒడ్డున బేరగాడు మొప్ప ఎత్తి చూస్తాడు. "ఇది నిన్నటి చేపా అన్నా?" అంటాడు. ధర కోసేస్తాడు. రాత్రంతా పడిన కష్టం నీళ్లపాలు అవుతుంది.

గాలిని ఎవరూ ఆపలేరు. కానీ చేపను కాపాడుకోవచ్చు. దానికి మంచి ఐసు పెట్టె కావాలి.

చేప ఎందుకు చెడిపోతుంది?

చేప ఒంటి మీద, మొప్పల్లో, పేగుల్లో కంటికి కనబడని సూక్ష్మజీవులు ఉంటాయి. చేప చచ్చిన తర్వాత అవి కండలోకి చేరతాయి. వేడిలో గబగబా పెరుగుతాయి. చల్లదనంలో నిదానంగా పెరుగుతాయి. ఐసు వాటిని చంపదు, వాటి పెరుగుదలను తగ్గిస్తుంది, అంతే. అందుకే చెడిన చేపను ఐసులో పెట్టినా మళ్లీ మంచిది కాదు. వలలోంచి తీసిన వెంటనే ఐసులో పెట్టాలి.

ఐసు ఎటు పోతోంది?

కిలో చేపకు కిలో ఐసు వెయ్యాలని చెబుతారు. ఒక లెక్క చూద్దాం. పట్టిన చేప 10 కిలోలు. దాని వేడి 30 డిగ్రీలు. దాన్ని సున్నా డిగ్రీలకు దించడానికి మూడు, మూడున్నర కిలోల ఐసు చాలు. మరి 10 కిలోలు ఎందుకు?

మిగిలిన ఆరున్నర కిలోలు బయటి వేడిని తట్టుకోవడానికే. ఎండ పెట్టెను కాలుస్తుంది. వేడిగాలి మూత సందుల్లోంచి దూరుతుంది. పడవ అడుగున నిలిచిన నీళ్ల వేడి కూడా పెట్టెకు ఎక్కుతుంది. పెట్టె బాగా లేకపోతే కిలోకు కిలో వేసినా చాలదు. పెట్టె బాగుంటే అదే ఐసు ఎక్కువ సేపు నిలుస్తుంది.

పెట్టె ఎలా ఉండాలి?

1. పెట్టె గోడలు మందంగా ఉండాలి. ఉత్త రేకు పెట్టె, ఉత్త ప్లాస్టిక్ డబ్బా చాలవు. రెండు గోడల మధ్య థర్మోకోల్ పెట్టాలి. అది దొరకకపోతే ఎండిన వడ్ల పొట్టు నింపాలి. పొట్టు తడిస్తే వేడిని ఆపలేదు. కాబట్టి ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టాలి.

2. మూత బిగువుగా కూర్చోవాలి. ఊరికే తెరిచి చూడకూడదు. తెరిచిన ప్రతిసారీ చల్లగాలి పోయి వేడిగాలి వస్తుంది.

3. పెట్టె కింద చెక్కలు వేసి కాస్త ఎత్తులో ఉంచాలి. పడవ అడుగు నీళ్లు తగలకూడదు.

4. పెట్టెను తెరచాప నీడలో ఉంచాలి. నీడ జరిగితే పైన తెల్లగుడ్డ కప్పాలి.

5. అడుగున ఒక చిన్న బెజ్జం పెట్టి బిరడా వెయ్యాలి. కరిగిన నీళ్లలో చేప జిగురు, నెత్తురు ఉంటాయి. వాటిని అప్పుడప్పుడు వదిలెయ్యాలి.

ఐసు ఎలా వెయ్యాలి?

పెద్ద గడ్డ నిదానంగా కరుగుతుంది. నలగ్గొట్టిన ఐసు చేపకు అన్ని వైపులా తగులుతుంది, త్వరగా చల్లబరుస్తుంది. అందుకని గడ్డగానే తీసుకుపోవాలి. చేప పడ్డాక నలగ్గొట్టాలి. అడుగున ఐసు, దాని మీద చేప, మళ్లీ ఐసు, మళ్లీ చేప. అన్నిటికంటే పైన ఐసే ఉండాలి. చేపలను ముందే బురద పోయేలా కడగాలి.

రొయ్యను ఇంకా తొందరగా ఐసులో పెట్టాలి. ఆలస్యమైతే తల నల్లబడుతుంది, ధర పడిపోతుంది. మండపీత సంగతి వేరు. అది బతికుంటేనే ధర. దాన్ని ఐసులో వెయ్యకూడదు. కాళ్లు కట్టి, తడి గోనె కప్పి, నీడలో ఉంచాలి.

ఒక జాగ్రత్త. చేపల కోసం అమ్మే ఐసును మజ్జిగలో, తాగే నీళ్లలో వేసుకోకూడదు. అన్నం, నీళ్లు చేపల పెట్టెలో పెట్టకూడదు. వాటిని వేరే కుండలో, తడిగుడ్డ చుట్టి నీడలో పెట్టుకోవాలి.

మీ పెట్టె మంచిదో కాదో తెలుసుకోవడం సులువు. సాయంత్రం 5 కిలోల ఐసు తూచి పెట్టెలో పెట్టండి. మూత వెయ్యండి. తెల్లవారి నీళ్లు వంచేసి, మిగిలిన ఐసును తూచండి. ఆ అంకె, ఆ తేదీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మూతకు, గోడలకు మరమ్మతు చేశాక మళ్లీ తూచండి. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి.