ఇసుక మీద నిలిచిన కల్లణై

సముద్రపు ఒడ్డున, అలలు తాకే చోట ఎప్పుడైనా నిలబడ్డారా? అల వెనక్కు పోయేటప్పుడు పాదాల కింది ఇసుక జారిపోతుంది. మడమలు కొద్దికొద్దిగా కూరుకుపోతాయి. కొంత లోతుకు దిగాక పాదాలు కుదురుకుంటాయి. ఇంత చిన్న విషయం ఆధారంగా ఒక మహానదికి కట్ట వేయవచ్చునంటే నమ్ముతారా?

తమిళనాడులో తిరుచిరాపల్లికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, కావేరి మీద అటువంటి కట్ట ఒకటి ఉంది. దాని పేరు కల్లణై. తమిళంలో 'కల్' అంటే రాయి, 'అణై' అంటే కట్ట. మన 'ఆనకట్ట'కు ఈ మాటతో ఉన్న చుట్టరికం వినగానే తెలిసిపోతుంది. సుమారు 2,000 ఏళ్ళ క్రితం కరికాల చోళుడు దీనిని కట్టించాడని ప్రసిద్ధి.

అక్కడ కట్ట ఎందుకు కావలసి వచ్చింది? శ్రీరంగానికి ఎగువన కావేరి రెండు పాయలుగా చీలుతుంది. దక్షిణపు పాయకు కావేరి అన్న పేరే నిలిచింది. ఉత్తరపు పాయ పేరు కొల్లిడం. శ్రీరంగం దీవిని చుట్టి వచ్చి, దీవి చివర ఇవి మళ్ళీ దగ్గరవుతాయి. కొల్లిడం పల్లంగా ఉంటుంది. నీరు పల్లమెరుగు కదా! కావేరి నీరు కూడా అందులోకి దూకి సముద్రంలో కలిసిపోతే తంజావూరు పొలాల గతి ఏమిటి? కల్లణై ఆ దారికి అడ్డం నిలిచి, నీటిని పొలాల వైపు మళ్ళిస్తుంది. వరద వచ్చినప్పుడు మాత్రం అదనపు నీరు కొల్లిడంలోకి పోతుంది.

ఇక్కడ నది అడుగున ఉన్నదంతా ఇసుక. మరి పునాది ఎలా వేశారు? పెద్ద పెద్ద రాళ్ళను ఇసుక మీద వేస్తే, ప్రవాహం వాటి కింది ఇసుకను కోసేస్తుంది. రాళ్ళు మీ మడమల్లాగే దిగబడతాయి. వాటి మీద మరికొన్ని రాళ్ళు వేస్తారు. దిగడం ఆగేదాకా ఇదే పని. రాళ్ళను కలిపి ఉంచడానికి బంకమట్టి వాడారు. ఇలా లేచిన పాత కట్ట పొడవు సుమారు 329 మీటర్లు, వెడల్పు 20 మీటర్లు.

19వ శతాబ్దంలో ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు కావేరి మీద పనిచేశాడు. 1836లో కొల్లిడం మీద ఆనకట్టలు కట్టించాడు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలపడం ఇక్కడి పూర్వులను చూసే నేర్చుకున్నామని ఆయన ఒప్పుకున్నాడు. ఆ విద్యతోనే 1847లో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి, 1852 నాటికి పూర్తి చేశాడు. అంటే కోనసీమ పచ్చదనంలో కావేరి పాఠం కూడా ఉందన్నమాట!

కావేరి డెల్టా తమిళనాడుకు ధాన్యాగారం. ఆడి నెల 18వ రోజున, అంటే ఆగస్టు మొదట్లో, అక్కడి కుటుంబాలు రేవులకు వెళ్ళి, పూలతో కావేరిని పూజించి, చిత్రాన్నాలు పంచుకు తింటాయి. త్యాగరాజు తన తెలుగు కీర్తనలను పాడుకున్న తిరువయ్యారు ఈ కావేరి గట్టునే ఉంది.

ఇప్పుడు ఆ నదికి ఒక ముప్పు వచ్చింది. ఇళ్ళు కట్టడానికి ఇసుకను అతిగా తవ్వేస్తే నది అడుగు లోతవుతుంది, కట్టడాల పునాదులు బయటపడతాయి. 2018 ఆగస్టు వరదలో, కాటన్ కట్టించిన ఎగువ ఆనకట్టలో కొంత భాగం షట్టర్లతో సహా కొట్టుకుపోయింది. ఇసుక తవ్వకమే కారణమని అక్కడి రైతులు ఆరోపించారు.

మీరే పరీక్షించి చూడండి. ఒక పళ్ళెంలో ఇసుక పోసి, మధ్యలో ఒక గులకరాయి పెట్టి, పక్కనుంచి సన్నటి ధారగా నీరు పోయండి. రాయి కాస్త దిగి నిలుస్తుంది. తరవాత దాని ముందున్న ఇసుకను చెంచాతో తీసేసి, మళ్ళీ నీరు పోయండి. ఈసారి రాయి ఏమయిందో గమనించండి!