అమ్మకిచ్చిన మాట కోసం బరి వీడిన యోధుడు

2020 అక్టోబర్ 24. అబూధాబీలోని యాస్ దీవి. కరోనా కారణంగా ఆ ప్రాంగణంలో జన సందోహం లేదు. ఎనిమిది కోణాల ఇనుప కంచె నడుమ, రెండో రౌండులోనే ప్రత్యర్థిని ఓడించి ప్రపంచ విజేత పట్టాన్ని నిలబెట్టుకున్నాడొక యువకుడు. కానీ అతడు చేతులు పైకెత్తి కేకలు పెట్టలేదు. బరి మధ్యలో నేలమీద వాలిపోయి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఓడిన ప్రత్యర్థే అతడిని ఓదార్చాడు. ఆ తర్వాత చేతుల గ్లవుజులు విప్పి బరి మధ్యలో పెట్టి, ఇదే తన చివరి పోటీ అని ప్రకటించాడు. తండ్రి లేకుండా ఇక పోరాడనని తల్లికి మాట ఇచ్చానన్నాడు.

అప్పటికి అతడి వయసు 32 ఏళ్లు. ఆడిన పోటీలు 29. గెలిచినవి 29. ఓటమి ఒక్కటీ లేదు.

అతడి పేరు ఖబీబ్ నూర్మగొమెదోవ్. ఈ పేరు మనకు కొత్తగా వినిపించినా పరాయిది కాదు. ఖబీబ్ అంటే మన హబీబే, ప్రియమైనవాడు అని అర్థం. 'మగొమెద్' అన్నది రష్యన్ నాలుకపై ముహమ్మద్ అనే పవిత్ర నామం పలికే తీరు. అంటే 'నూర్ ముహమ్మద్' వంశీకుడన్నమాట. నేడు మన ఇళ్లలో ఎందరో కుర్రాళ్లు ఫోన్లలో ఇతడి పోటీలు చూస్తున్నారు. అతడిలా గడ్డం పెంచి, అతడిలా బొచ్చు టోపీ పెట్టుకోవాలని ముచ్చట పడుతున్నారు. 'అబ్బా, నేనూ నేర్చుకుంటాను' అని అడుగుతున్నారు. ఆ తండ్రులు ఏమని జవాబివ్వాలి? అందుకైనా ఈ యోధుడి జీవితాన్ని మంచీ చెడూ రెండు వైపులా తెలుసుకోవడం అవసరం.

కొండల నేలలో పుట్టినవాడు

రష్యా దక్షిణాన, కాస్పియన్ సముద్రపు ఒడ్డున దాగెస్తాన్ ఉంది. ఆ పేరుకు అర్థమే పర్వతాల నేల అని. ముప్పైకి పైగా జాతులు, ఎవరి భాష వారిది. ప్రజలలో అత్యధికులు ముస్లిములు. పంతొమ్మిదో శతాబ్దంలో జార్ సైన్యాలను దశాబ్దాల పాటు ఎదిరించిన ఇమామ్ షామిల్ ఈ నేలవాడే. సోవియట్ పాలనలో మసీదులు మూతపడినా, ఇళ్లలో నమాజు, ధర్మం పూర్తిగా ఆరిపోలేదు.

ఇమామ్ షామిల్ పుట్టిన అవార్ జాతిలోనే, సిల్ది అనే కొండ గ్రామంలో 1988 సెప్టెంబర్ 20న ఖబీబ్ జన్మించాడు. తండ్రి అబ్దుల్‌మనాప్ సైన్యంలో పనిచేసినవారు. కుస్తీ, జూడో, సాంబో విద్యలలో ఆరితేరినవారు. సాంబో అంటే సోవియట్ సైన్యంలో రూపుదిద్దుకున్న, ఆయుధం లేకుండా ఆత్మరక్షణ చేసుకునే విద్య. కుటుంబం కిరొవౌల్ గ్రామానికి చేరాక ఆయన తమ ఇంటి కింది అంతస్తునే వ్యాయామశాలగా మార్చారు. మన పాత పట్టణాలలో తాలీంఖానాలు ఎలా ఉండేవో అలాంటిదే అది. ఊరి పిల్లలు వచ్చేవారు. కొడుకు కూడా వారిలో ఒకడు.

తొమ్మిదేళ్ల వయసులో ఖబీబ్ ఒక ఎలుగుబంటి పిల్లతో కుస్తీ పడుతున్న పాత వీడియో లోకమంతా చూసింది. దాన్ని చూసి నవ్వుకునేవారు కొందరు, ముక్కున వేలేసుకునేవారు కొందరు. మూగజీవితో అలాంటి ఆట తగదనేవారి మాటలో న్యాయం ఉంది. కాని అబ్దుల్‌మనాప్ తన బడిలో అసలు నేర్పింది వేరే. 1990లలో పక్కనే చెచెన్యా యుద్ధాలలో కాలిపోతోంది. తర్వాతి ఏళ్లలో ఆ హింస దాగెస్తాన్‌నూ తాకింది. ఉపాధి లేని యువకులు మత్తుకో, తుపాకీకో చిక్కే కాలమది. అలాంటి రోజుల్లో వందలాది పిల్లలకు ఆయన వేళకు లేవడం, వేళకు నమాజు, పెద్దలకు గౌరవం, ఆ తర్వాతే కుస్తీ పట్టు నేర్పారు.

29 మెట్లు

2008లో ఖబీబ్ వృత్తి పోటీలలో అడుగుపెట్టాడు. వీటిని మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటారు. కుస్తీ, బాక్సింగ్, జూడో వంటి విద్యలన్నీ కలిసిన పోటీ. రౌండుకు ఐదు నిమిషాలు. మామూలు పోటీకి మూడు రౌండ్లు, టైటిల్ పోటీకి ఐదు. ప్రత్యర్థి స్పృహ తప్పినా, పట్టు భరించలేక చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నా పోటీ ముగుస్తుంది. లేదంటే న్యాయనిర్ణేతలు తీర్పు చెబుతారు.

వరుసగా 16 విజయాల తర్వాత అమెరికాలోని అతి పెద్ద సంస్థ యూఎఫ్‌సీ అతడిని పిలిచింది. 2012 జనవరిలో అక్కడ తొలి పోటీ గెలిచాడు. 2013 మేలో ఒకే పోటీలో ప్రత్యర్థిని 21 సార్లు నేలకు పడగొట్టి రికార్డు సృష్టించాడు. పట్టుకుంటే వదలని కుస్తీ అతడి బలం. అది తండ్రి ఇంటి కింది అంతస్తులో నేర్చినదే.

అయితే దారి పూలబాట కాలేదు. 2014లో మోకాలు దెబ్బతిని రెండేళ్లు బరికి దూరమయ్యాడు. ఈ క్రీడలో బరువు తగ్గించుకోవడం మరో నరకం. పోటీకి ముందు రోజు 155 పౌండ్లు, అంటే సుమారు 70 కిలోలు తూగాలి. అందుకోసం ఒంట్లోని నీటిని చెమటగా పోగొడతారు. 2017 మార్చిలో ఇలా బరువు తగ్గించుకోబోయి ఖబీబ్ ఆసుపత్రి పాలయ్యాడు. పోటీ రద్దయింది. తెర మీద మెరిసే విజయాన్ని చూసే పిల్లలకు ఈ సంగతి కూడా చెప్పాలి.

చివరకు 2018 ఏప్రిల్ 7న న్యూయార్క్ నగరంలో టైటిల్ గెలిచాడు. యూఎఫ్‌సీ చరిత్రలో తొలి ముస్లిం విజేత అయ్యాడు. గెలిచిన ప్రతిసారీ తొలిమాటగా అల్హమ్దులిల్లాహ్ అనేవాడు. రంజాన్ నెల వస్తే పోటీకి ఒప్పుకునేవాడు కాదు. భార్యాబిడ్డలను ప్రచారానికి దూరంగా ఉంచాడు.

కోపం గెలిచిన రాత్రి

2018 అక్టోబర్ 6. లాస్‌వేగాస్. ప్రత్యర్థి ఐర్లండ్‌కు చెందిన కోనర్ మెక్‌గ్రెగర్. ఆ పోటీకి ముందు ఆరు నెలలు నోటి యుద్ధం సాగింది. ఏప్రిల్‌లో మెక్‌గ్రెగర్ తన మనుషులతో వచ్చి, ఖబీబ్ కూర్చున్న బస్సుపైకి ఇనుప బండిని విసిరాడు. అద్దాలు పగిలి కొందరు గాయపడ్డారు. తర్వాత ఖబీబ్ తండ్రినీ, ధర్మాన్నీ, దేశాన్నీ తూలనాడాడు. విలేఖరుల సమావేశంలో తన విస్కీ సీసా తెచ్చి అందరి ముందూ తాగమన్నాడు. ఖబీబ్ తాగనని చెప్పి ఊరుకున్నాడు. ఆ రోజు అతడి పుట్టినరోజు కూడా.

పోటీలో నాలుగో రౌండులో మెక్‌గ్రెగర్ మెడ బిగించి ఓటమి ఒప్పించాడు. సుమారు 24 లక్షల మంది డబ్బు కట్టి ఆ పోటీ చూశారు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఆగలేదు. ఖబీబ్ కంచె ఎక్కి దూకి, ప్రత్యర్థి జట్టు సభ్యుడిపై పడ్డాడు. ప్రాంగణం రణరంగమైంది. టైటిల్ పట్టాను అక్కడ అతడి నడుముకు కట్టలేదు. నెవాడా క్రీడా కమిషన్ 5 లక్షల డాలర్ల జరిమానా, తొమ్మిది నెలల నిషేధం విధించింది.

దైవప్రవక్త (స) బోధ మనందరికీ తెలిసిందే. కుస్తీలో ఇతరులను పడగొట్టేవాడు కాదు, కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపు చేసుకునేవాడే నిజమైన బలశాలి అని ఆయన సెలవిచ్చారు. ఈ హదీసుకు ఇంతకంటే సూటి ఉదాహరణ మరొకటి దొరుకుతుందా? ఒకే రాత్రి, ఒకే మనిషి. కంచె లోపల ప్రత్యర్థిని గెలిచాడు. కంచె దాటి తన కోపం చేతిలో ఓడాడు. అతడి 29 విజయాల లెక్కలో ఆ ఓటమి రాయలేదు. కాని మనం రాసుకోవాలి. అవమానం ఎంత ఘోరమైనదైనా సరే, జవాబు అప్పటికే కంచె లోపల ఇచ్చాడు కదా!

మెచ్చుకోదగిన సంగతి ఒకటుంది. ఆ రాత్రే విలేఖరుల ముందుకు వచ్చి కమిషన్‌కు క్షమాపణ చెప్పుకున్నాడు. ఇది తన అసలు తీరు కాదన్నాడు. తండ్రి కూడా కొడుకును వెనకేసుకు రాలేదు. క్రమశిక్షణ తప్పినందుకు తాను విధించే శిక్ష సంస్థ శిక్షకంటే కఠినంగా ఉంటుందన్నారు. బిడ్డ గెలిచి వచ్చిన రోజున కూడా తప్పును తప్పని చెప్పగల తండ్రులు ఎందరున్నారు?

తండ్రి లేని బరి

అమెరికా వీసా దొరకక అబ్దుల్‌మనాప్ కొడుకు పోటీలను దూరం నుంచే చూడవలసి వచ్చింది. 2019 సెప్టెంబర్ 7న అబూధాబీలో పోటీ జరిగినప్పుడు ఆయన కొడుకు పక్కన నిలిచారు. ఆ రోజు ఖబీబ్ డస్టిన్ పోయిరియర్‌ను ఓడించాడు. గెలిచాక ఇద్దరూ చొక్కాలు మార్చుకున్నారు. పోయిరియర్ నడిపే సేవా సంస్థ కోసం ఆ చొక్కాను వేలం వేశారు. ఏడాది కిందట కంచె దూకిన మనిషే ఈసారి ఓడినవాడిని ఆలింగనం చేసుకున్నాడు. తౌబా అంటే నోటి మాట కాదు, నడతలో మార్పు అని ఇలాంటివి చూస్తే అర్థమవుతుంది.

మరుసటి ఏడాది కరోనా వచ్చింది. 2020 జూలై 3న అబ్దుల్‌మనాప్ మాస్కోలో కన్నుమూశారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఆయన వయసు 57 ఏళ్లు.

ఆ తర్వాత అక్టోబర్ పోటీకి పిలుపు వచ్చింది. తల్లి వద్దంది. మూడు రోజులు ఆమెతో మాట్లాడి, ఇదే చివరిదని మాట ఇచ్చి ఖబీబ్ బయలుదేరాడు. ప్రత్యర్థి జస్టిన్ గేజీ. ఆ పోటీలో అతడి చేయి విరిచే పట్టు పట్టే వీలున్నా, ఖబీబ్ కాళ్లతో మెడ బిగించే పట్టునే ఎంచుకున్నాడు. కారణాన్ని అతడి సహచరుడు డేనియల్ కార్మియర్ తర్వాత వెల్లడించాడు. గేజీ చేయి విరిగినా ఓటమి ఒప్పుకోని మొండివాడు. తల్లిదండ్రుల కళ్లెదుట కొడుకు చేయి విరవడం ఖబీబ్‌కు ఇష్టం లేకపోయిందట. తండ్రిని పోగొట్టుకున్న కొడుకు, ప్రత్యర్థి తల్లిదండ్రుల మనసును ఆ క్షణంలోనూ గుర్తుంచుకున్నాడు.

తర్వాత సంస్థ యజమానులు ఎంతో బతిమాలారు. కోట్ల డాలర్ల ఆట. మరొక్క పోటీ ఆడితే విజయాల సంఖ్య 30కి చేరుతుంది. అతడు వినలేదు. 2021 మార్చిలో టైటిల్‌ను అధికారికంగా వదులుకున్నాడు. మంచి నడవడికకు అందరికంటే ఎక్కువ హక్కుదారు ఎవరని అడిగిన మనిషికి ప్రవక్త (స) మూడుసార్లు తల్లి పేరే చెప్పారు. నాలుగోసారి తండ్రి అన్నారు. ఆ హదీసును మనం వేదికలపై ఎన్నోసార్లు వింటాం. ఆచరణకు వచ్చేసరికి చిన్న ఉద్యోగం, చిన్న లాభం కూడా అమ్మ మాటకంటే పెద్దవైపోతాయి.

తండ్రి మరణించాక ఆయన స్నేహితులతో సత్సంబంధాలు కొనసాగించడం కూడా తండ్రికి చేసే మేలేనని హదీసు చెబుతోంది. ఖబీబ్ తండ్రి శిష్యులను తన శిష్యులుగా చేసుకున్నాడు. వారిలో ఒకడైన ఇస్లాం మఖాచెవ్ 2022 అక్టోబర్‌లో అదే అబూధాబీలో అదే టైటిల్ గెలిచాడు. ఆ తర్వాత 2023 జనవరిలో, కుటుంబానికి సమయం ఇవ్వడానికి ఖబీబ్ శిక్షకుడి బాధ్యత నుంచి కూడా పక్కకు తప్పుకున్నాడు.

మరి మన పిల్లల సంగతి?

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. శరీర బలం ఇస్లాంలో నిషిద్ధం కాదు. బలమైన విశ్వాసి బలహీనుడైన విశ్వాసికంటే ఉత్తముడని ప్రవక్త (స) బోధించారు. రుకానా అనే మల్లయోధుడిని ఆయన కుస్తీలో ఓడించినట్టు ఒక ఉల్లేఖనం కూడా ఉంది. ఈత, పరుగు, విలువిద్య, గుర్రపుస్వారీ, కుస్తీ వంటివి ముస్లిం సమాజంలో మొదటి నుంచీ ఉన్నవే.

అయితే మనిషి ముఖంపై కొట్టడాన్ని ప్రవక్త (స) వారించారు. ఈ ఆధారంతోనే, ప్రాణహాని ఉందన్న కారణంతోనూ మక్కాలోని ముస్లిం వరల్డ్ లీగ్ ఫిఖ్ మండలి 1987లో బాక్సింగ్‌ను అధర్మమని తీర్మానించింది. ఒకరినొకరు గాయపరచుకునే కుస్తీ పోటీలనూ అందులో చేర్చింది. ముఖంపై పిడిగుద్దులు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లోనూ ఉన్నాయి. కాబట్టి మన అభిమానం కోసం ధర్మశాస్త్రాన్ని పక్కన పెట్టలేం. ఖబీబ్ గొప్ప ముస్లిం యోధుడే కావచ్చు, అతడు చేసిన ప్రతి పనీ మనకు ప్రమాణం కాదు. మనకు ప్రమాణం ఖురాన్, సున్నత్ మాత్రమే.

కనుక కొడుకు అడిగితే 'వద్దు' అని కసరి పంపేయకండి. కుస్తీ నేర్పించండి, జూడో నేర్పించండి, పరుగెత్తించండి. ఫజర్ నమాజుకు లేపి మైదానానికి మీరే తీసుకువెళ్లండి. ముఖంపై దెబ్బలు లేని విద్యలు ఎన్నో ఉన్నాయి. సందేహం ఉంటే మీ మసీదు ఇమామ్ గారినో, తెలిసిన ఆలిమ్‌నో అడగండి. ఖబీబ్ కండలు ఇష్టపడిన కుర్రాడికి అతడు మాట నిలబెట్టుకున్న సంగతి కూడా చెప్పండి. కంచె దూకిన తప్పునూ దాచకుండా చెప్పండి.

దాగెస్తాన్ కొండల్లో ఒక తండ్రి తన ఇంటి కింది అంతస్తును పిల్లల కోసం ఖాళీ చేశాడు. మనకు అంత ఇల్లు లేకపోవచ్చు. రోజుకు ఒక గంట ఖాళీ చేయగలం కదా! మన బిడ్డలకు శరీర బలంతో పాటు కోపాన్ని జయించే బలాన్నీ, తల్లిదండ్రుల మాట నిలిపే మనసునూ అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.