బొంకులదిబ్బ నుంచి బయల్దేరితే...

గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకంలో తెర లేచేది విజయనగరంలో, బొంకులదిబ్బ మీద. ఊరంతా అప్పులు చేసి, ఇక ఈ ఊళ్ళో చెల్లదని తెలుసుకున్న గిరీశం మనకు మొదట కనిపించేది అక్కడే. నూరేళ్ళు దాటినా తెలుగువాళ్ళు ఆ రంగాన్ని బడిలో చదువుతున్నారు, వేదికల మీద ఆడుతున్నారు, సినిమాగా చూస్తున్నారు. అయినా బొంకులదిబ్బ నిజంగా ఉన్న చోటని, రైలు దిగి కాలినడకన చేరుకోవచ్చని ఎంతమందికి తెలుసు? కోటకు దగ్గరలోనే ఉంది. వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళు అక్కడే నిలబడి దారి అడుగుతుంటారు. ‘ఇదేటి బాబూ, మీరు నిల్చున్నదే బొంకులదిబ్బ’ అని జవాబు వస్తుంది.

ఉత్తరాంధ్రకు వచ్చేవాళ్ళ దారి ముందే గీసి ఉంటుంది. విశాఖలో సముద్రం, అక్కణ్ణుంచి అరకు, ఓపిక ఉంటే అరసవల్లి, శ్రీకూర్మం. విజయనగరం మధ్యలో రైలు ఆగే స్టేషన్‌గా మిగిలిపోతుంది. ఆధునిక తెలుగు సాహిత్యానికీ, సంగీతానికీ ఇంత ఇచ్చిన ఊరు మరొకటి చెప్పమంటే నాకు వెంటనే తోచదు. ఆ ఇచ్చినదంతా కోట చుట్టుపట్ల కొద్దిపాటి జాగాలోనే పుట్టింది. ఆ రచయితలూ, సంగీతజ్ఞులూ ఒకరింటికి ఒకరు నడిచి వెళ్ళేవారు. ఒకే వీధి మలుపులో ఎదురుపడేవారు. అందుకే ఈ ఊరు కారులో తిరిగితే అందదు. ఆటో కూడా తొందరపడుతుంది.

స్టేషన్ దగ్గరే వనంగుడి ఉంది. ఊళ్ళో మూడులాంతర్ల కూడలి దగ్గర చదురుగుడి. రెండూ పైడితల్లి అమ్మవారివే. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను కూల్చాయి. ఆ వెంటనే విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు గుడారంలోనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి కత్తికి బలయ్యాడు. పైడితల్లి ఆ రాజు చెల్లెలని, అన్న మరణం విని ప్రాణం విడిచిందని జనం చెప్పుకుంటారు. ఆమె విగ్రహం పెద్దచెరువులో దొరికిందని, గుడి కట్టి నిలిపారని స్థలపురాణం. గెలిచిన ఊరే ఇలా దుఃఖాన్ని దేవతగా నిలుపుకుంది. బొబ్బిలి వీరగాథలు పాడే మనం విజయనగరం వైపు నుంచి ఆ యుద్ధాన్ని తలచుకోవడం తక్కువ. వనంగుడి ముందు కాసేపు ఆగితే ఆ రెండో వైపు కనిపిస్తుంది.

చదురుగుడి నుంచి కోటదాకా ఉన్న దారిని మామూలు రోజుల్లో నడవమంటాను. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి పండుగలో సిరిమాను తిరిగే దారి అది. అమ్మవారు పూజారికి కలలో కనిపించి చెప్పిన చింతచెట్టును వెతికి తెస్తారు. హుకుంపేటలో దాన్ని మానుగా చెక్కుతారు. దాదాపు అరవై అడుగుల ఆ మాను కొసన ఆసనం కట్టి పూజారిని కూర్చోబెడతారు. ముందు పాలధార, అంజలిరథం, ఏనుగు రథం, బెస్తవారి వల నడుస్తాయి. వెనక సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. విజయనగరం రాజవంశమైన పూసపాటివారు కోట బురుజు మీంచి చూస్తారు. జనం అరటిపళ్ళు విసురుతారు. ఆ రోజు వస్తే కనిపించేది జనమే, దారి కనిపించదు. మరో రోజు వచ్చి ఈ ఇరుకు బజారులో నిలబడి మేడల మీది అంచులు, కరెంటు తీగలు, మలుపులు చూడండి. అంత పొడుగు మాను, కొసన ఒక మనిషితో, ఇక్కణ్ణుంచి మూడుసార్లు ఎలా వెళ్ళి వస్తుందన్న ఆశ్చర్యం అప్పుడే పుడుతుంది. ఎన్నో కులాలవాళ్ళు, ఎన్నో వీధులవాళ్ళు తమ తమ పని తరతరాలుగా తప్పకుండా చేస్తేనే అది కదులుతుంది.

మూడులాంతర్లు అన్న పేరు మిగిలింది గానీ, ఆ మూడు లాంతర్లున్న పాత స్తంభాన్ని 2020లో తొలగించారు. కూడలిని అందంగా చేస్తామన్నారు. ఊరివాళ్ళు బాధపడ్డారు, కోప్పడ్డారు. నాకూ ఆ కోపం తగ్గలేదు. కొత్తది ఎంత అందంగా కట్టినా, తాత చెయ్యి పట్టుకుని ఆ లాంతర్ల కింద నిలబడ్డవాళ్ళకు అది బదులు కాదు. 1885 నాటి గంటస్తంభం మాత్రం ఇంకా బజారు నడుమ నిలబడి ఉంది. ఎనిమిది పలకల కట్టడం. కింద అంగళ్ళు, తోపుడుబళ్ళు, హారన్లు. ఊరివాళ్ళకు అది దారి చెప్పడానికి గుర్తు. తలెత్తి చూసేది పొరుగూరివాళ్ళే.

కోట చుట్టూ

పూసపాటివారి పాత కోట కుమిలిలో ఉండేది. 1713లో విజయనామ సంవత్సరంలో, విజయదశమి నాడు, మంగళవారం ఇక్కడ కొత్త కోటకు పునాది వేశారని చెబుతారు. ఈ కోటలో ఇప్పుడు వినిపించేది చదువుకునే పిల్లల గొంతులు. ఆ వంశానికే చెందిన పి.వి.జి. రాజు 1958లో తండ్రి అలక్ నారాయణ గజపతి పేరిట మాన్సాస్ ట్రస్టు పెట్టి, ఆస్తుల్ని చదువు కోసం ఇచ్చారు. సంస్థానం పోయాక రాజులు తమ కోటల్ని ఏం చేశారన్న ప్రశ్నకు దేశంలో రకరకాల జవాబులున్నాయి. చాలాచోట్ల అవి హోటళ్ళయ్యాయి. విజయనగరం ఇచ్చిన జవాబు చూస్తే నాకు గర్వంగా ఉంటుంది.

కోట గోడ వెంబడి బయట నుంచే ఒక చుట్టు నడవండి. బొంకులదిబ్బ, గురజాడ ఇల్లు, మహారాజా కళాశాల, సంగీత కళాశాల ఒకదానికొకటి ఎంత దగ్గరో కాళ్ళకు తెలుస్తుంది. మహారాజావారి ఇంగ్లీషు బడి 1857 నాటిది. అదే 1879లో కళాశాల అయింది. ఊరికి కొత్తగా, చేతిలో డబ్బు లేకుండా వచ్చిన గురజాడ అప్పారావును ఆదరించి ఇంట్లో పెట్టుకున్నది ఆ విద్యాసంస్థ ప్రిన్సిపాల్ చంద్రశేఖరశాస్త్రి. శ్రీకాకుళం సీమ నుంచి వచ్చిన గిడుగు రామమూర్తి అక్కడే గురజాడతో పాటు చదివారు. తర్వాత రోజుల్లో వాడుకభాష కోసం పోరాడిన ఇద్దరూ కుర్రవాళ్ళుగా ఒకే బడికి నడిచి వెళ్ళినవాళ్ళు.

ఆ కాలపు ప్రభువు ఆనంద గజపతి. ఆక్స్‌ఫర్డ్‌లో మాక్స్‌ముల్లర్ సాయణ భాష్యంతో వెలువరించిన రుగ్వేదం రెండో ముద్రణకు (1890–92) ఖర్చు భరించింది ఆయనే. సంస్థానంలో చిన్నపిల్లల్ని డబ్బుకు అమ్మి పెళ్ళి చేసే దురాచారం మీద లెక్కలు తీయించినదీ ఆయన దర్బారే. గురజాడ ‘కన్యాశుల్కం’ తొలి పీఠికలో ఆ లెక్క చెప్పారు: మూడేళ్ళలో 1034 పెళ్ళిళ్ళు. అయిదేళ్ళ పిల్లలున్నారు అందులో. ఏడాది నిండిన పసివాళ్ళున్నారు. ఆ జాబితా కళ్ళముందు ఉన్న మనిషి అంత నవ్వించే నాటకం రాశాడు. 1892 ఆగస్టు 13న జగన్నాథ విలాసినీ సభవారు దాన్ని ఈ ఊళ్ళోనే తొలిసారి ఆడారు. ఒకే ఏడాది ఒకే ప్రభువు అండతో అక్కడ వేదం అచ్చయింది, ఇక్కడ అగ్రహారం గుట్టు రంగం మీదికెక్కింది. దీని గురించి పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా, కోట నుంచి గురజాడ ఇంటికి ఉన్న నాలుగడుగులూ నడిచినప్పుడే నాకు అది పూర్తిగా పట్టుబడింది. రాజుకూ రచయితకూ మధ్య దూరం అంత తక్కువ.

గురజాడ ఇల్లు ఇప్పుడు స్మారకం. ఆయన వాడిన వస్తువులు కొన్ని ఉన్నాయి. ఇల్లు పెద్దదేమీ కాదు. లోపల ఎవరూ లేని వేళ వెళ్తే ఎక్కువసేపు ఉండగలుగుతారు.

మధుకరం నడిచిన వీధులు

సంగీత కళాశాల 1919లో మొదలైంది. దాని పుట్టుక వెనక కథ ఊళ్ళో అందరికీ తెలుసు. సంస్థానంలో పనిచేసే చాగంటి జోగారావు కొడుకు గంగబాబుకు చూపు లేదు. ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించాలన్న ఆలోచన ప్రభువు విజయరామ గజపతి మనసులో పెరిగి, ఊరందరి పిల్లలకూ పాఠశాల అయింది. మొదటి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడి వయొలిన్ విని, విద్యార్థిగా చేర్చుకోవడానికి బదులు గురువుగా పెట్టుకున్నారు. 1936లో ఆయనే అధ్యక్షుడయ్యారు.

ఇక ఘంటసాల. కృష్ణా తీరం నుంచి పాట కోసం వచ్చిన ఆ కుర్రవాడికి పట్రాయని సీతారామశాస్త్రి పాఠం చెప్పారు. చదువు దొరికింది గానీ తిండి దొరకలేదు. జోలె భుజాన వేసుకుని ఈ వీధుల్లోనే ఇంటింటికీ తిరిగి మధుకరం ఎత్తుకున్నాడు. ఏ ఇల్లాలు ఆ జోలెలో పట్టెడన్నం పెట్టిందో ఇప్పుడెవరికీ తెలియదు. తర్వాత ముప్పై ఏళ్ళు తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలో, గుళ్ళలో, రేడియోల్లో మోగిన గొంతును బతికించింది ఆ పేరులేని ఇళ్ళే. పాత పెంకుటిళ్ళు ఇంకా కొన్ని మిగిలిన సందుల్లో నడుస్తుంటే, ప్రతి అరుగూ చూడాలనిపిస్తుంది. పి. సుశీల పుట్టింది ఈ ఊళ్ళో. సంగీతం నేర్చింది ఈ కళాశాలలో.

కళాశాల పనిచేసే రోజుల్లో వెళ్ళండి. గోడ బయట నిలబడినా సాధన వినిపిస్తుంది. ఒక గదిలో సరళీ వరుసలు, ఇంకో గదిలో మృదంగం. పిల్లలు తప్పులు పాడతారు, గురువు మళ్ళీ పాడిస్తారు. మ్యూజియంలో దొరకనిది ఇదే.

అయ్యకోనేరు గట్టు దగ్గర కాళ్ళకు విశ్రాంతి. ఈ ఊరికి నీళ్ళ గుర్తులు ఎక్కువ. అయ్యకోనేరు, బుచ్చెన్న కోనేరు, అమ్మవారిని ఇచ్చిన పెద్దచెరువు. పొద్దున, సాయంత్రం గట్ల మీద నడిచేవాళ్ళుంటారు. మధ్యాహ్నం వద్దు, ఉత్తరాంధ్ర ఎండ ఉక్కపోతతో కలిసి వస్తుంది. దారిలో ఎక్కడ ఇడ్లీ బండి కనిపించినా ఆగండి. పక్కన నిలబడి తినేవాళ్ళను చాసో ఇల్లు ఎటు అని అడగండి. చాసో అంటే చాగంటి సోమయాజులు, ‘వాయులీనం’ రాసిన కథకుడు; జీవితంలో ఎక్కువ భాగం ఈ ఊళ్ళోనే గడిపారు. మహారాజా కళాశాలలో ఇంగ్లీషు చెప్పిన రోణంకి అప్పలస్వామి, కవి శ్రీరంగం నారాయణబాబు ఆయన స్నేహితులు. యూరప్ కవిత్వంలో వచ్చిన కొత్త గాలులు ఈ స్నేహితుల మాటల్లో చర్చకొచ్చాయి. పారిస్ కబురు విజయనగరం సందుల్లో సాయంత్రపు నడకగా తిరిగిన కాలమది. వయసు మళ్ళినవాళ్ళలో చాసోను చూసినట్టు చెప్పేవాళ్ళు దొరుకుతారు. కుర్రవాళ్ళకు పేరే తెలియకపోవచ్చు.

ఇక్కడే నా ఫిర్యాదు. ఇన్ని ఉన్న ఊళ్ళో, స్టేషన్ దిగిన మనిషి చేతికి ఇచ్చే పటం ఒక్కటి ఉండాలి. వనంగుడి, చదురుగుడి, గంటస్తంభం, కోట, బొంకులదిబ్బ, గురజాడ ఇల్లు, మహారాజా కళాశాల, సంగీత కళాశాల, అయ్యకోనేరు, చాసో వీధి. ఒక కాగితానికి రెండు వైపులా పడతాయి. తెలుగులో, ఇంగ్లీషులో, ఒడిశా రైళ్ళు ఆగే ఊరు కాబట్టి ఒడియాలో కూడా అచ్చువేయాలి. ప్రతి చోటా కంటికి ఎత్తులో, ఎండకు వెలిసిపోని చిన్న రాతిపలక పెట్టాలి. సంగీత కళాశాల పిల్లలూ, మహారాజా కళాశాల తెలుగు విద్యార్థులూ ఆదివారం పొద్దున్నే జట్లు కట్టి వచ్చినవాళ్ళను తిప్పితే, వాళ్ళకు చేతిఖర్చూ, ఊరికి కాపలా కూడా. రేపు మరో పాత గోడ మీదికి గునపం లేచినప్పుడు ‘ఇది మా నడక దారిలోది’ అని అడ్డుపడే నలుగురు అప్పుడు ఉంటారు. మొదటి పలక ఎక్కడ పెట్టాలని అడిగితే, నా ఓటు బొంకులదిబ్బకే.