జొన్న చొప్ప నీటితో కలుపు అదుపు

గత వానాకాలంలో ఎల్.బి.నగర్ దాటిన తరువాత ఉన్న ఒక సంఘానికి తనిఖీకి వెళ్ళాను. అక్కడ ఒక సభ్యుని పాలు రెండు పూటలా వెనక్కి పోతున్నవి. వెన్న శాతం సరిగానే ఉంది, లాక్టోమీటరు రీడింగు సరిగానే ఉంది. పాలు మాత్రం చేదు. చుక్క నీరు కలపని మనిషికి అంతకన్న అవమానం ఏముంటుంది? కొట్టం దగ్గరకు పోయి చూస్తే మేత మోపులో సగం వయ్యారిభామ. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల ఖాళీ ప్లాట్లలో కోసి తెచ్చిన గడ్డి అది. మేత మార్చిన కొద్ది రోజులకు చేదు పోయింది.

1950ల మధ్యలో పూణేలో గుర్తించిన ఈ మొక్క ఇప్పుడు మన ప్లాట్లను దాటి పచ్చిమేత మళ్ళలోకి కూడా వచ్చింది. ఒక్కొక్క మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. కలుపు మందు కొడితే ఆ గట్టు గడ్డి పశువుకు వేయరాదు. మరి చెట్టుచేమల రసంతో పని జరగదా అని సభ్యులు అడుగుతున్నారు. జరుగుతుంది, కొంతమేరకు.

జొన్న వేసిన చేలో కలుపు తక్కువగా ఉంటుందని మన పెద్దలకు తెలుసు. జొన్న వేళ్ళు సార్గోలియోన్ అనే నూనెవంటి పదార్థాన్ని నేలలోకి వదులుతాయి. అది చుట్టుపక్కల మొలకలను ఎదగనీయదు. అయితే అది నీటిలో కరగదు. చొప్పను నానబెట్టినపుడు దిగేవి ఫినోలిక్ ఆమ్లాలు; వాటికీ మొలకలను అణిచే గుణం ఉంది. ఫైసలాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ఛీమా, ఖాలిక్ 2000 సంవత్సరంలో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఈ నీటిని గోధుమ పైరుపై చల్లితే కలుపు బరువు మూడో వంతు నుండి దాదాపు సగం వరకు తగ్గింది. అంటే సగానికి పైగా కలుపు మిగిలే ఉన్నది! కనుక కలుపుతీత మానవచ్చునని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

తయారీకి కష్టం లేదు. ముదిరి ఎండిన చొప్పను అంగుళం ముక్కలుగా నరికి, కిలోకు 10 లీటర్ల నీటిలో ఒక రోజు నానబెట్టి, గుడ్డతో వడకట్టి, అదే రోజు చల్లాలి. కలుపు రెండు మూడు ఆకులతో ఉన్నప్పుడే పని చేస్తుంది. పూతకు వచ్చిన వయ్యారిభామను ఇది ఏమీ చేయలేదు. దానిని పూతకు ముందే, చేతికి తొడుగు వేసుకొని, వేళ్ళతో సహా పీకవలసిందే. తొడుగు లేకుంటే దురద, దద్దుర్లు తప్పవు.

ఈ నీటికి కలుపు, పంట అనే భేదం తెలియదు. అప్పుడే విత్తిన మడిలో చల్లితే మన విత్తనం మొలక కూడా దెబ్బతినవచ్చును. మొదట ఒక గుంటలో చల్లి, పక్కన మరో గుంట వదిలి, రెండింటినీ పోల్చి చూడండి.

లేత జొన్న జోలికి పోవద్దు. కోసిన మోళ్ళ నుండి వచ్చిన పిలకల్లోను, వానలేక వాడిన పైరులోను నాము ఉంటుంది. తిన్న గేదె గంటల్లో పడిపోతుంది. నానబెట్టి తీసిన చొప్పను కూడా పశువుకు వేయక, కూరగాయల చాళ్ళ మధ్య పరచండి. అక్కడ కలుపును కొంత అణచి ఉంచుతుంది.